ఎయిర్‌గన్ పెయింట్‌పై పెచ్చులు, గీతలు: టచ్‌అప్ చేసే పద్ధతి

ఎయిర్‌గన్ మీద పెయింట్ ముందుగా ఎక్కడ ఊడుతుందో తుపాకీని చూడకుండానే చాలావరకు చెప్పవచ్చు. బారెల్ మూతి అంచు, ట్రిగ్గర్ గార్డ్ కింది వంపు, కాకింగ్ లివర్‌ను (స్ప్రింగ్‌ను బిగించే మీటను) చేత్తో పట్టుకునే చోటు, స్కోప్ మౌంట్ బిగించే పట్టాల అంచులు, బ్రేక్ బారెల్ రకమైతే (బారెల్‌ను వంచి పెల్లెట్ పెట్టే రకం) బ్రీచ్ బ్లాక్ (బారెల్ వెనుక, పెల్లెట్ పెట్టే చోటి దిమ్మ) మూలలు సాధారణంగా ముందు దెబ్బతింటాయి. తగిలే దెబ్బలు ఒక కారణమైతే, పెయింట్ స్వభావం మరో కారణం. తడిగా ఉన్న పెయింట్ తలతన్యత వల్ల పదునైన అంచు నుంచి వెనక్కి జరుగుతుంది కాబట్టి, కర్మాగారంలో ఎంత శ్రద్ధగా వేసినా అంచుల మీద పొర చదునైన చోటి కంటే పలచగానే మిగులుతుంది. బయటపడ్డ లోహం ఉక్కు అయితే అక్కడ తుప్పు మొదలై, చుట్టూ ఉన్న మంచి పెయింట్ కిందికి కూడా పాకుతుంది. జింక్ మిశ్రమమో అల్యూమినియమో అయితే ఎర్రతుప్పు రాదు గానీ, తెల్లటి పొడి పేరుకుని పెయింట్ పట్టు వదిలేస్తుంది. అందుచేత చిన్న పెచ్చునైనా, అందం సంగతి ఎలా ఉన్నా, త్వరగా మూసివేయడం మంచిది.

ఈ పని నుంచి ఏమి ఆశించవచ్చో కూడా ముందే తేల్చుకోవాలి. చేయి చాపినంత దూరంలో మచ్చ కంటికి ఆనకుండా చేయడం, లోహానికి తేమ తగలకుండా కాపాడడం ఇంట్లో సాధించగలిగినవే. వేలితో తడిమినా, వెలుగులో ఏటవాలుగా పట్టి చూసినా అతుకు తెలియకూడదనుకుంటే మాత్రం ఆ భాగం మీది పెయింట్ మొత్తం తీసి కొత్తగా వేయించుకోవడమే మార్గం. టచ్‌అప్‌లో చెడిపోయే పనుల్లో ఎక్కువ భాగం, అవసరానికి మించి సరిచేయాలని చూసి చెడగొట్టుకున్నవే.

పని మొదలుపెట్టే ముందు

తుపాకీలో పెల్లెట్ లేదని బ్రీచ్ తెరిచి కళ్లతో చూసి నిర్ధారించుకోవాలి. మ్యాగజైన్ ఉంటే తీసివేయాలి. స్ప్రింగ్ తుపాకీ కాక్ అయి ఉండకూడదు. కార్బన్ డయాక్సైడ్ రకమైతే క్యాప్సూల్‌ను తీసి పక్కన పెట్టాలి. పీసీపీ (సిలిండర్‌లో అధిక పీడనంతో గాలిని ముందే నింపి ఉంచే) రకమైతే తయారీదారు పుస్తకంలో చెప్పిన పద్ధతిలో గాలిని ఖాళీ చేయాలి. దెబ్బ స్టాక్ అంచుకు దగ్గరగా ఉంటే, స్టాక్ మరలు విప్పి లోహభాగాన్ని వేరు చేసుకుంటే పని శుభ్రంగా సాగుతుంది. అంతకు మించి విప్పవలసిన అవసరం లేదు. ముఖ్యంగా స్ప్రింగ్ ఉండే కంప్రెషన్ ట్యూబ్‌ను దీని కోసం విప్పకూడదు, ఎందుకంటే కాక్ చేయకపోయినా లోపలి స్ప్రింగ్ బలంగా నొక్కి ఉంచిన స్థితిలోనే ఉంటుంది.

బారెల్ మూతినీ, బ్రీచ్ వైపు గాలి వచ్చే రంధ్రాన్నీ మెత్తటి ఫోమ్ ముక్కతో మూసివేయాలి. దుమ్ము పడకుండా ఉండడం ఒక్కటే దీని ఉద్దేశం కాదు. థిన్నర్ గానీ పెట్రోలియం నూనె గానీ కంప్రెషన్ చాంబర్‌లోకి చేరితే, పిస్టన్ ముందుకు దూకినప్పుడు గాలి నొక్కుకుపోయి పుట్టే వేడికి ఆ ఆవిరి అంటుకుంటుంది. దాని వల్ల సీల్ పాడవుతుంది, స్ప్రింగ్ కూడా దెబ్బతినవచ్చు. ఎసిటోన్, లాకర్ థిన్నర్ వంటివి చాలా రకాల రబ్బరు ఓ-రింగులను ఉబ్బేలా చేస్తాయి కాబట్టి, వాటిని సీళ్లకు దూరంగా ఉంచాలి.

పీసీపీ గాలి సిలిండర్ విషయంలో నియమం మరింత కఠినం. దాని మీద ఆకురాయి, గ్రైండర్, వైర్ బ్రష్ ఉపయోగించకూడదు. పెయింట్ త్వరగా ఆరుతుందని హీట్ గన్ పట్టకూడదు, ఓవెన్‌లో పెట్టకూడదు. అల్యూమినియం సిలిండర్ల బలం వాటికి చేసిన ఉష్ణ ప్రక్రియ నుంచి వస్తుంది, మళ్లీ వేడి చేస్తే ఆ బలం తగ్గుతుంది. సిలిండర్ మీద వేలి గోరు దిగేంత గాడి గానీ, సొట్ట గానీ కనిపిస్తే దాన్ని పెయింట్‌తో కప్పకుండా, గాలి నింపకుండా, అధిక పీడన సిలిండర్లను పరీక్షించే వారికి చూపించాలి.

సీరియల్ నంబరు, క్యాలిబర్, పీడనం వివరాలు, హెచ్చరికలు చెక్కి ఉన్న చోట్ల పెయింట్ నిండిపోకుండా చూసుకోవాలి. అనేక దేశాల్లో సీరియల్ నంబరు చదవడానికి వీల్లేకుండా చేయడం నేరం. మూతి దగ్గర గుర్తుగా ప్రత్యేకమైన రంగు ఉంటే దాన్ని అదే రంగుతో సరిచేయాలే తప్ప నల్లగా మార్చకూడదు.

అది నిజంగా పెయింటేనా?

నల్లగా ఉన్న ప్రతి తుపాకీ భాగం మీదా పెయింట్ ఉండదు. ఉక్కు బారెళ్లకు తరచూ బ్లూయింగ్ చేస్తారు. అది లోహం పైపొరనే నల్లటి ఐరన్ ఆక్సైడ్‌గా మార్చే రసాయన ప్రక్రియ, దానికి చెప్పుకోదగ్గ మందం ఉండదు. అల్యూమినియం భాగాలకు తరచూ ఎనొడైజింగ్ (విద్యుత్తుతో లోహం పైపొరనే గట్టి ఆక్సైడ్‌గా మార్చడం) ఉంటుంది. వీటికి భిన్నంగా పెయింట్, పౌడర్ కోటింగ్ (పొడిని చల్లి వేడితో కరిగించి పట్టించే పూత) లోహం మీద విడిగా నిలిచే పొరలు. భూతద్దం కింద పెచ్చు అంచును చూస్తే తేడా వెంటనే తెలుస్తుంది. పొర ఉన్నట్లయితే పెచ్చు చుట్టూ చిన్న గట్టులాంటి అంచు కనిపిస్తుంది, గోరుతో తాకితే మెట్టు తగులుతుంది. బ్లూయింగ్ మీది గీతకు అలాంటి మెట్టు ఉండదు, నలుపు మధ్య తెల్లని లోహపు చార మాత్రమే ఉంటుంది. పౌడర్ కోటింగ్ సాధారణంగా 60 నుంచి 100 మైక్రాన్ల మందంతో, నారింజ తొక్కలాంటి సన్నని గరుకుతో ఉంటుంది. మామూలు పెయింట్ అంతకంటే పలచన.

కింద ఏ లోహం ఉందో తెలుసుకోవడానికి అయస్కాంతం చాలు. అంటుకుంటే ఉక్కు. అంటుకోకపోతే ట్రిగ్గర్ గార్డ్, బ్రీచ్ బ్లాక్ వంటి పోత భాగాలు చాలావరకు జింక్ మిశ్రమంతోనో అల్యూమినియంతోనో చేసినవై ఉంటాయి. ఈ తేడా తెలియక జరిగే పొరపాటు ఒకటి తరచూ కనిపిస్తుంది: ఉక్కు కోసం చేసిన కోల్డ్ బ్లూ (వేడి చేయకుండానే నల్లబరిచే) ద్రావణాన్ని జింక్ మీదా అల్యూమినియం మీదా రుద్దడం. అది ఆ లోహాల మీద సరిగ్గా పనిచేయదు, పెయింట్ మీద అసలే పనిచేయదు. బర్చ్‌వుడ్ కేసీ వంటి కంపెనీలు ఉక్కుకు పర్మా బ్లూ, అల్యూమినియంకు అల్యూమినియం బ్లాక్, పెయింట్ మీద వాడడానికి సూపర్ బ్లాక్ టచ్‌అప్ పెన్నులు అని వేర్వేరుగా అమ్మేది ఇందుకే.

గీత ఎంత లోతుకు వెళ్లిందో చూడడానికి దాని మీద ఒక చుక్క నీరు పూయాలి. తడిగా ఉన్నంతసేపు గీత మాయమై, ఆరగానే తిరిగి కనిపిస్తే అది పైపొరలోనే ఉంది. దానికి పెయింట్ అక్కర్లేదు, సన్నరకం రబ్బింగ్ కాంపౌండ్‌తో మెల్లగా రుద్దితే సరిపోతుంది. తడిపినా గీత అలాగే నిలిచి, లోపల వేరే రంగు కనిపిస్తే పెయింట్ కావాలి. గీతలా కనిపించేవాటిలో కొన్ని అసలు గీతలే కావు. మెత్తటి లోహమో ప్లాస్టికో తుపాకీకి రాసుకుని దాని మీద వదిలిన చారలు అవి, గుడ్డకు కొంచెం కాంపౌండ్ అద్ది తుడిస్తే పోతాయి.

రంగు కంటే నిగారింపు ముఖ్యం

నలుపు అంటే ఒకే నలుపు కాదు. ఒకటి నీలి ఛాయలోకి, మరొకటి గోధుమ ఛాయలోకి మొగ్గుతుంది. అయినా కంటికి ముందు తెలిసిపోయేది ఛాయలో తేడా కాదు, నిగారింపులో తేడా. మాట్ (మెరుపు లేని) ఉపరితలం మీద మెరిసే చుక్క పడితే, రంగు ఎంత సరిగ్గా కలిసినా దూరం నుంచే కనిపిస్తుంది. అందువల్ల పెయింట్ ఎంచుకునేటప్పుడు మెరిసేదా, సగం మెరుపుదా, మాట్‌దా అన్నది ముందు తేల్చుకుని, ఆ తర్వాత ఛాయ చూసుకోవాలి. మచ్చ మీద నేరుగా ప్రయత్నించే బదులు, స్టాక్ కింద దాగి ఉండే భాగంలో ఒక చుక్క పెట్టి పూర్తిగా ఆరనిచ్చి, పగటి వెలుగులో ఏటవాలుగా చూడాలి. తడి పెయింట్ ఎప్పుడూ ముదురుగా, మెరుస్తూ కనిపిస్తుంది కాబట్టి తడిగా ఉన్నప్పుడు నిర్ణయించడం వృథా.

చిన్న పెచ్చులకు టచ్‌అప్ పెన్ను, మోడల్ బొమ్మలకు వాడే ఎనామిల్, కార్ల టచ్‌అప్ సీసా, గృహోపకరణాలకు వాడే ఎపాక్సీ టచ్‌అప్ పెయింట్ అన్నీ పనికొస్తాయి. కార్ల సీసా పెయింట్‌లో చాలా రకాలకు పైన క్లియర్ కోటు (రంగులేని పైపూత) వేయవలసి ఉంటుంది, లేకపోతే అవి చప్పగా ఆరతాయి. సగం మెరుపు కావలసిన చోట ఆ చప్పదనమే కొన్నిసార్లు కలిసివస్తుంది. పర్మనెంట్ మార్కర్‌తో నింపడం మాత్రం పరిష్కారం కాదు, నూనె గుడ్డతో రెండుసార్లు తుడిస్తే ఆ రంగు పోతుంది, లోహానికి రక్షణ కూడా ఉండదు. నెయిల్ పాలిష్ అంతకంటే నయమే గానీ, శుభ్రపరిచే ద్రావకాలకు తేలిగ్గా కరిగిపోతుంది. రెండు భాగాలు కలిపి వాడే క్లియర్ కోట్లలో ఐసోసైనేట్లు ఉండవచ్చు. తగిన శ్వాస రక్షణ లేకుండా వాటిని ఇంట్లో స్ప్రే చేయకూడదు.

శుభ్రం చేయడం

పెయింట్ నిలవకపోవడానికి అన్నిటికంటే పెద్ద కారణం నూనె. ఎయిర్‌గన్‌ల విషయంలో సిలికోన్ నూనె మరీ ఇబ్బంది పెడుతుంది, ఎందుకంటే సీళ్లకూ ఓ-రింగులకూ దాన్ని వాడతారు, చేతుల మీదుగా తుపాకీ అంతటా చేరుతుంది. అది ఉన్న చోట కొత్త పెయింట్ గుండ్రటి గుంటలుగా విడిపోతుంది, ఎన్ని పొరలు వేసినా ఆ గుంటలు మళ్లీ తేలతాయి. కాబట్టి శుభ్రపరచడం రెండు దశల్లో చేయాలి. మొదట మినరల్ టర్పెంటైన్‌తో గానీ, పెయింటర్లు వాడే గ్రీజు రిమూవర్‌తో గానీ తడిపిన గుడ్డతో మచ్చనూ దాని చుట్టూ నాలుగైదు సెంటీమీటర్ల మేరా తుడవాలి. అది ఆవిరయ్యేలోపే పొడి గుడ్డతో ఎత్తివేయాలి, తడిని దానంతట అది ఆరనిస్తే కరిగిన నూనె అక్కడే తిరిగి పరుచుకుంటుంది. ఆ తర్వాత 90 శాతానికి పైన ఉన్న ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, ప్రతిసారీ గుడ్డ మడత మారుస్తూ, గుడ్డకు ఏమీ అంటని వరకు తుడవాలి. ఇక్కడి నుంచి చేతికి నైట్రైల్ తొడుగు ఉండాలి.

ఎసిటోన్ ఇంకా బాగా శుభ్రం చేస్తుంది గానీ, పాత పెయింట్‌నూ ప్లాస్టిక్ స్టాక్‌నూ కరిగించే ప్రమాదం ఉంది. బయటపడ్డ లోహం మీద దూదిపుల్ల మొనతో తాకించడం వరకే దాన్ని పరిమితం చేయాలి.

అంచు, తుప్పు, ప్రైమర్

పెచ్చు చుట్టూ ఉన్న పెయింట్ గట్టిగా ఉందో లేదో తెలియకుండా కొత్త పెయింట్ వేయకూడదు. మాస్కింగ్ టేప్ ముక్క అంటించి చటుక్కున లాగితే వదులుగా ఉన్నదంతా ఊడివస్తుంది. మచ్చ పెద్దదయిందని బాధపడనక్కర్లేదు, ఆ భాగం ఎలాగూ ఊడిపోయేదే. మిగిలిన అంచు కింద తుప్పు ఉంటే, వెదురు పుల్ల మొనతో అంచును మెల్లగా పైకి లేపి, మెరిసే లోహం కనిపించే వరకు వెళ్లాలి.

ఉక్కు మీది తుప్పును ఫైబర్‌గ్లాస్ పెన్నుతో గానీ, పెన్సిల్ చివరకు అంటించిన 400 నంబరు వాటర్ పేపర్ చిన్న ముక్కతో గానీ తీయాలి. గుంటల్లో మిగిలిన నల్లటి తుప్పుకు ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న రస్ట్ కన్వర్టర్‌ను పుల్లతో అద్ది, సీసా మీద చెప్పినంతసేపు ఉంచి, తడిగుడ్డతో తుడిచి, వెంటనే ఆరబెట్టాలి. జింక్ భాగాల మీద దాన్ని వాడకూడదు, తెల్లటి పొడిని గీకి తీయడమే సరిపోతుంది.

ఇప్పుడు అంచు సంగతి. పెచ్చు అంచు నిటారుగా ఉంటే ఎంత పెయింట్ పోసినా ఆ గీత చుట్టూ తెలుస్తూనే ఉంటుంది. 800, ఆ తర్వాత 1000 నంబరు వాటర్ పేపర్‌ను నీటిలో ముంచి, అంచును మాత్రమే, లోపలి నుంచి బయటికి రుద్దుతూ వాలుగా చేయాలి. గోరు ఆనించి జరిపితే అది ఎక్కడా తట్టుకోకుండా జారిపోవడం దానికి పరీక్ష. అయితే ఈ పని మెరిసే పెయింట్‌కు, సగం మెరుపు పెయింట్‌కు సరిపోతుంది. మాట్ పెయింట్ మీద, గరుకు పౌడర్ కోటింగ్ మీద అంచును రుద్దితే చుట్టూ నునుపైన మెరిసే వలయం ఏర్పడుతుంది, దాన్ని తిరిగి మాట్‌గా మార్చడం కష్టం. వాటి విషయంలో అంచును అలాగే వదిలి, పెచ్చు లోపల మాత్రమే పని చేయడం ఉత్తమం.

బ్రీచ్ సీల్ ఆనే ముఖం, బారెల్ మూతిలో పెల్లెట్ బయటికి వచ్చే అంచు, లివర్ తిరిగే ఇరుసు, పట్టాల పక్కతలాలు పెయింట్ వేయవలసిన చోట్లు కావు. అక్కడ పొర చేరితే బిగింపు మారుతుంది, కొద్ది రోజుల్లో మళ్లీ ఊడిపోతుంది. ఆ చోట్ల ఉక్కుకు పలచటి నూనె పూతే తగిన రక్షణ.

పెచ్చు లోహం దాకా వెళ్లితే ప్రైమర్ వేయాలి. ఉక్కుకు మామూలు లోహపు ప్రైమర్ చాలు. అల్యూమినియంకు, జింక్‌కు సెల్ఫ్ ఎచింగ్ ప్రైమర్ (లోహాన్ని కొద్దిగా కొరికి పట్టుకునేది) లేదా ఎపాక్సీ ప్రైమర్ అవసరం. జింక్ మీద నూనె ఆధారిత ఎనామిల్‌ను నేరుగా వేస్తే, ఆ రెండింటి మధ్య కాలక్రమేణా సబ్బులాంటి పదార్థం ఏర్పడి పట్టు పోతుంది. స్ప్రే డబ్బాలో దొరికే ప్రైమర్‌ను బాగా కుదిపి, దాని మూతలోకి కొద్దిగా పిచికారీ చేసి, బుడగలు తగ్గాక పుల్లతో తీసుకుంటే పెచ్చుకు సరిపోతుంది. పెచ్చు అడుగు కప్పేంత పలచగా వేయాలి, అంచు దాటి పాత పెయింట్ మీదికి రాకూడదు.

పెయింట్ వేయడం

గది ఉష్ణోగ్రత 20 నుంచి 28 డిగ్రీల సెల్సియస్ మధ్య, తేమ 60 శాతం లోపు ఉన్న రోజు ఎంచుకోవాలి. తేమ ఎక్కువైతే, ద్రావకం వేగంగా ఆవిరై ఉపరితలాన్ని చల్లబరచినప్పుడు గాలిలోని తేమ దాని మీద చేరుతుంది, లాకర్ రకం పెయింట్ పాలలాంటి తెలుపుతో ఆరుతుంది. గాలి ఆడే చోట, మంటకు దూరంగా పని చేయాలి.

సీసాకు ఇచ్చిన బ్రష్ పెచ్చుకు ఎప్పుడూ లావే. మొన చెక్కిన టూత్‌పిక్, లేదా 000 నంబరు బ్రష్ తీసుకోవాలి. తుపాకీని మచ్చ పైకి వచ్చేలా, అడ్డంగా, కదలకుండా ఉంచాలి. పుల్ల మొనకు ఆవగింజంత చుక్క తీసుకుని పెచ్చు మధ్యలో ఆనించాలి. పూయకూడదు, ఆనించి వదలాలి. చుక్క తనంతట తాను పాకి, అంచును తాకగానే అక్కడ కొంచెం పైకి ఎగబాకి ఆగుతుంది, మధ్యలో కాస్త పల్లంగా కనిపిస్తుంది. ఆ పల్లాన్ని చూసి ఇంకో చుక్క వేయాలనిపిస్తుంది, వేయకూడదు. ఆరే కొద్దీ ద్రావకం పోయి పెయింట్ ఇంకా కుంచించుకుపోతుంది కాబట్టి, ఒకే మందపు చుక్కతో నింపితే పైన తోలు కట్టి లోపల మెత్తగా ఉండిపోతుంది. అరగంట, ఎనామిల్ అయితే ఒక రాత్రి ఆగి, అలాగే రెండో పొర, మూడో పొర వేయాలి. మెరిసే పెయింట్‌కు చివరి పొర చుట్టుపక్కల కంటే వెంట్రుక మందం ఎత్తుగా నిలవాలి. మాట్ పెయింట్‌కు సమానంగా, లేదా కాస్త తక్కువగా ఆపాలి, ఎందుకంటే దాన్ని తర్వాత రుద్ది సమం చేయడం కుదరదు. మాట్ పెయింట్ సీసాను ప్రతి చుక్కకూ ముందు కలపాలి, మెరుపును తగ్గించే పొడి అడుగుకు చేరితే అదే సీసా మెరిసే చుక్కలు ఇస్తుంది.

పొడవాటి సన్నని గీతకు పద్ధతి వేరు. బ్రష్‌తో గీత వెంట ఎనామిల్ నింపి, రెండు మూడు నిమిషాలు ఆగాలి. గట్టి అట్ట ముక్కకు నున్నటి గుడ్డ బిగుతుగా చుట్టి, దానికి మినరల్ టర్పెంటైన్ తడి తగిలీ తగలనట్టు అద్ది, గీతకు అడ్డంగా ఒక్కసారి లాగాలి. పైన పారిన పెయింట్ పోయి, గాడిలోది మిగులుతుంది. గీత వెంట లాగితే గాడిలోది కూడా వచ్చేస్తుంది. పాత పెయింట్ ఈ ద్రావకానికి కరగదని మరుగు చోట ముందుగా పరీక్షించాలి. లాకర్ థిన్నర్‌ను ఈ పనికి వాడకూడదు, పాత ఎనామిల్‌ను అది ముడతలు పడేలా లేపుతుంది.

డిప్పింగ్ పద్ధతిలో (నీటి మీద తేలే నమూనా పొరలో ముంచి తీసి) అడవి రంగులు వేసిన భాగాల మీద ఒకే రంగు మచ్చ ఇంకా ఎక్కువ కనిపిస్తుంది. ముందు ఆ నమూనాలోని ముదురు రంగుతో నింపి, ఆరాక పక్క రంగులను చిన్న చుక్కలుగా తాకిస్తే కంటికి కలిసిపోతుంది.

సమం చేయడం

కనీసం ఒక రోజు, ఎనామిల్ అయితే వారం ఆగిన తర్వాతే మెరిసే పెయింట్ మీద ఎత్తుగా నిలిచిన చుక్కను తగ్గించాలి. గోరు నొక్కితే గుర్తు పడుతున్నంత కాలం ముట్టుకోకూడదు. పెన్సిల్ రబ్బరు చదునైన వైపుకు 2000 నంబరు వాటర్ పేపర్ అంటించి, సబ్బు నీటితో తడిపి, బరువు పెట్టకుండా కొద్దిసేపు రుద్ది, తుడిచి చూడాలి. చుక్క మీద మాత్రమే మెరుపు పోయి ఉంటే దారిలోనే ఉన్నట్టు. చుట్టూ ఉన్న పాత పెయింట్ మెరుపు తగ్గడం మొదలవగానే ఆపివేయాలి. అంచుల దగ్గర అసలు పొరే పలచన కాబట్టి, అక్కడ చుక్కను ఉన్నట్టే వదిలేయడం తెలివైన పని. ఆ తర్వాత రబ్బింగ్ కాంపౌండ్‌తో మెరుపు తెచ్చుకోవాలి. సగం మెరుపు కావాలంటే 0000 నంబరు స్టీల్ వుల్‌తో ఒకే దిశలో రెండు మూడుసార్లు తాకిస్తే చాలు.

మచ్చ బొటనవేలి గోరు కంటే పెద్దదైతే పుల్లతో నింపడం కంటే స్ప్రే మంచిది. భాగాన్ని స్టాక్ నుంచి వేరు చేసి, మాస్కింగ్ టేప్ అంచును లోపలికి మడిచి అంటించాలి, అలా చేస్తే పెయింట్ గీతలా ఆగకుండా పలచబడుతూ కలుస్తుంది. డబ్బాను 25 నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో పట్టి, పలచటి పొరలు వేయాలి. వేడితో మాత్రమే గట్టిపడే స్ప్రే పెయింట్లను కొనకపోవడం మేలు.

ఆరిన తర్వాత

తాకితే అంటకపోవడం వేరు, పూర్తిగా గట్టిపడడం వేరు. ఎనామిల్‌కు దీనికి వారాలు పట్టవచ్చు. అప్పటి వరకు ఆ చోట తుపాకీ నూనె పూయకూడదు, స్కోప్ మౌంట్ బిగించకూడదు, స్పాంజి ఉన్న కేసులో పెట్టకూడదు, ఎందుకంటే మెత్తగా ఉన్న పెయింట్‌కు స్పాంజి అంటుకుని దాని గుర్తు మిగిలిపోతుంది. మూతినీ రంధ్రాన్నీ మూసిన ఫోమ్ ముక్కలను తీశామో లేదో, మొదటిసారి పెల్లెట్ పెట్టే ముందు తప్పక చూసుకోవాలి.

నెల తర్వాత టచ్‌అప్ మళ్లీ ఊడితే, ఊడిన చోటును భూతద్దంతో చూడాలి. అడుగున శుభ్రమైన లోహం కనిపిస్తే ప్రైమర్ పట్టలేదని, అంటే నూనె మిగిలిందని గానీ లోహానికి తగని ప్రైమర్ వాడామని గానీ అర్థం. ప్రైమర్ లోహానికే అంటుకుని ఉండి పై పెయింట్ మాత్రమే ఊడితే, ఆ రెండు పెయింట్లకూ పొసగలేదు, లేదా ప్రైమర్ ఆరిన తర్వాత చేయి తగిలి నూనె అంటింది. అడుగున తుప్పు కనిపిస్తే, మొదట అంచును ఇంకొంచెం వెనక్కి లేపవలసింది.